మొజంజాహి మార్కెట్టు

హబ్సిగూడ, తార్నాకల వారికి ఉస్మానియా ఆర్ట్సు కళాశాల భవనం నిత్యదర్శనీయం. అది 1939 డిసెంబరులో ప్రారంభమైనది. దానికి నాలుగేండ్లు ముందుగా, 1935లో, అదే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, గ్రానైటు రాతితోనే నగరం నడుమ మరొక కట్టడం లేచినది. ఒకటి చదువులకు, మరొకటి సరకులకు. ఈ రెండింటికి పొరుగు సంబంధమూ లేకపోలేదు. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం తొలుత గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో అద్దె ఇండ్లలోనే నడిచినది. నేటి మార్కెట్టు అక్కడికి నడిచిపోదగినంత దూరం.

ఈ అంగడి పుట్టుకకు కారణం వెదుకబోతే మూసీ ఒడ్డుకు పోవలెను. 1908 సెప్టెంబరు 28న నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. తదుపరి ప్లేగు వచ్చినది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడినది. ఇరుకు సందులు తొలగించుట, బాటలు వెడల్పు చేయుట, గాలీ వెలుతురూ సోకునట్లు ఇండ్లూ అంగళ్లూ కట్టించుట దాని పని. పత్తర్‌గట్టీ రాతి వరుసలు ఆ బోర్డు చలువే. కనుక మన మార్కెట్టును కేవలం రాజవిలాసమని తలచుట సరికాదు. నిజాం రెండవ కుమారుడు మొజ్జం జా పేరు దీనికి పెట్టుట ముఖస్తుతి అనుకొందురేమో. ఆయన ఆ బోర్డుకు అధ్యక్షుడు. షజీ అను కలం పేరుతో ఉర్దూ కవిత్వం చెప్పినవాడు కూడాను. జనుల నాలుకపై ఆయన పేరు అరిగి అరిగి మొజంజాహి అయినది.

అబిడ్స్, నాంపల్లి, బేగంబజారు దారులు కలియు చోట స్థలం ముక్కోణం. శిల్పులు ఆ వంకరను దాచలేదు. దానినే అందంగా మలచినారు. రెండు పొడవైన అంగళ్ల వరుసలు రెక్కలవలె సాగి మూల వద్ద కలిసినవి. ఆ కలయికలో ఎత్తైన ద్వారం, దానిపై గడియార స్తంభం, గుమ్మటం. బాటసారికి అంగడి కన్న ముందు గడియారమే కనబడును. లోపల విశాలమైన ముంగిలి.

పండ్లు, తమలపాకులు, పూలు, అత్తరులు ఇచట అమ్మినారు. దేశవిభజన పిమ్మట సింధు నుండి వచ్చిన కుటుంబమొకటి 1953లో ఈ కూడలిలోనే కరాచీ బేకరీని తెరచినది. 1980వ దశకంలో పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు తరలిపోగా అంగడి కళ తప్పినది. పైకప్పు కారసాగినది, కారినపుడెల్లా దానిమీద మరొక పొర కాంక్రీటు పోసిరి. భారమే పెరిగినది. రేకులు, తీగెలు, పేరుపలకలు కమానులను కప్పివేసినవి.

2018లో మరమ్మతులు మొదలిడి, ఆ పొరలు తీసి, రాతిని కడిగి, 2020 ఆగస్టులో తిరిగి ప్రజలకు తెరచినారు. మెచ్చదగిన పనియే. కాని అంగడికి రాతి గోడలెంత ముఖ్యమో బేరసారాలు అంత ముఖ్యం. చూడవచ్చువారు పెరిగి కొనవచ్చువారు తగ్గినచో చిన్న వర్తకుడు నిలువజాలడు. ఈ సంగతి మరమ్మతు లెక్కలలో ఏ పద్దు కింద వ్రాయుదురో!

ప్రస్తుతానికి మాత్రం ముంగిలి సందడిగానే ఉన్నది. పండ్ల బండ్లు పోయినను పండ్లు పోలేదు. సీతాఫలం కాలంలో సీతాఫలం, మామిడి కాలంలో మామిడి, ఐస్‌క్రీము గిన్నెలలో చేరి సాయంకాలపు జనులను పిలుచుచున్నవి.