పప్పుబెల్లాల బడి



దసరా అనగానే మనకు జమ్మిచెట్టూ, అమ్మవారి అలంకారాలూ, బొమ్మల కొలువూ, తెలంగాణా ఆడపడుచులకైతే బతుకమ్మా గుర్తుకు వస్తాయి. కోస్తా జిల్లాల పెద్దవాళ్ళ నడిగి చూడండి, ఇంకొకటి కూడా చెబుతారు. రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు పట్టుకొని, పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ వచ్చే బడిపిల్లలు. వాళ్ళ వెనకాల ఉత్తరీయం సర్దుకుంటూ పంతులుగారు. గురువుగారికి వరహాలూ, పిల్లలకు పప్పుబెల్లాలూ ఇప్పించమని ఆ పాట. ఇదేదో పిల్లల సరదా అని చాలామంది అనుకుంటారు. సరదా వున్నమాట నిజమే. కాని దాని వెనక ఒక బడి జమాఖర్చు వుంది. ఆ జమాఖర్చులో మన ముత్తవ్వల చెయ్యి వుంది. ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

వీధిబడి అంటే ప్రత్యేకంగా ఒక భవనమేమీ కాదు. ఎవరింటి అరుగో, గుడి మండపమో, వూరి చావడో. అయ్యవారు ఒక్కరే. ఇసకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దించడం, చెయ్యి తిరిగాక తాటాకూ గంటమూ, ఆ తర్వాత ఎక్కాలు, వడ్డీ లెక్కలు, శతక పద్యాలు, అమరం. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. సర్కారు జీతం లేదు, తనిఖీ లేదు, పుస్తకాల కంపెనీలు లేవు. వూరు పోషిస్తే బడి వుండేది, పోషించకపోతే మూతపడేది.

ఈ బళ్ళ గురించి మనకు లెక్కలతో సహా తెలియడానికి కారణం మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. 1822లో ఆయన ప్రతి జిల్లా కలెక్టరునూ బళ్ళ వివరాలు పంపమన్నాడు. అన్నీ కూడితే రాజధాని మొత్తం మీద 12,498 బళ్ళు తేలాయి. అంటే సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక బడి అన్నమాట. కలెక్టర్లందరిలోకీ వివరంగా రాసినవాడు బళ్ళారి కలెక్టరు క్యాంబెల్. 1823 ఆగస్టులో పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఆదోని, అనంతపురం అన్నీ కలిసిన పెద్ద జిల్లా. అనంతపురం వేరుపడింది 1882లో. అక్కడ 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. తెలుగు బళ్ళు 226. సగటున బడికి పన్నెండుమంది. మన పట్నాల్లో ఒక ట్యూషనుకు కూడా అంతకంటె ఎక్కువమందే వస్తారు కదా!

బడిలో చేర్చడం ఎలా జరిగేదో క్యాంబెల్ రాశాడు. పిల్లవాడికి అయిదో ఏడు రాగానే అయ్యవారినీ, బడిపిల్లలందర్నీ ఇంటికి పిలిచేవారు. గణపతి ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటే, అయ్యవారు పిల్లవాడిచేత ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకొని బియ్యంలో దైవనామం రాయించేవాడు. తరువాత తలిదండ్రులు శక్తికొద్దీ కానుక ఇచ్చి సాగనంపేవారు. చూశారా, బడి మొదలయ్యేదే ఇంట్లో. ఆ బియ్యం పోసిన చెయ్యి ఎవరిదో వేరే చెప్పనక్కర లేదు.

ఇంకో ముచ్చట కూడా రాశాడాయన. పొద్దున బడికి అందరికంటె ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. పన్నెండుమంది బడిలో చివరివాడికి పది దెబ్బలు! చీకటితోనే లేచి, చద్దన్నం పెట్టి, కొడుకును తరిమిన తల్లుల తొందర ఎంతో మనం వూహించుకోవచ్చు.

ఇక జీతం. సాధారణంగా పిల్లవాడికి నెలకు పావలా, కాస్త కలిగినవాళ్ళయితే అర్ధరూపాయి. పన్నెండు పావలాలు కూడితే ఎంత? మూడు రూపాయలు. దానితో అయ్యవారి సంసారం గడవాలి. అందుకని మిగతాది పండుగల మీద, పంటల మీద, ఇళ్ళల్లో శుభకార్యాల మీద రాబట్టుకోవలసి వచ్చేది. లెక్కలు బళ్ళారివి, దసరా పాట కోస్తాది; అయినా వీధిబడి బతికే తీరు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. సంవత్సరంలో అన్నిటికంటె పెద్ద రాబడి దసరా.

ఇక కాలం ఆశ్వయుజం. వరి ఇంకా పొలంలోనే వుంది. మగవాళ్ళ చేతుల్లో రూకలు ఆడని నెల అది. ఇంట్లో వున్నదేదో ఇల్లాలి చేతిలోనే వుంది: డబ్బాలో పప్పు, కుండలో బెల్లం, గాదె అడుగున ధాన్యం. నాకు తోచినంతవరకు ఆ పాటలో పప్పుబెల్లాలు చేరడానికి ఇదీ ఒక కారణమే.

పండుగకు ముందే చదువులు కాస్త పక్కకు పోయి పద్యాలు వల్లెవేయించడం మొదలయ్యేది. విల్లంబులు ఇళ్ళల్లోనే తయారయ్యేవి. మేనమామలూ, తాతలూ వెదుళ్ళు చీల్చి వంచితే, అక్కలు రంగుకాగితాలు అంటించేవారు. బాణం చివర చిన్న గొట్టం, అందులో బుక్కాయో పూలరేకులో. తాడు లాగి వదిలితే ఎదుటివాళ్ళ మీద జల్లు పడుతుంది. మూలా నక్షత్రం నాడు తాటాకులూ గంటాలూ సరస్వతి ముందు పెట్టి పూజ చేసేవారు. పూజలో వున్న పుస్తకం ముట్టుకోకూడదు కనుక ఆ రోజు చదువు లేదు. పిల్లలకు అంతకంటె కావలసిందేముంది!

తరువాత వూరేగింపు. వాకిట్లో నిలబడి పద్యాలు చదువుతారు. వాయిదాలు వేయవద్దనీ, చిల్లరతో సరిపెట్టవద్దనీ అందులో చమత్కారంగా అడగడం వుంది. నోరు విప్పి నాకింత ఇమ్మని అయ్యవారు అడగనక్కర లేదు. తన పిల్లవాడే వాకిట నిలబడి నవ్వుతూ అడుగుతుంటే ఏ తల్లి లేదంటుంది? మగవారు రొక్కమో, పంచల చాపో ఇస్తే, ఇల్లాలు వేయించిన శనగపప్పూ బెల్లమూ పిల్లల దోసిళ్ళలో పోసేది. ఎవడు గొంతెత్తి చదివాడో, ఎవడు తడబడ్డాడో వీధి వీధంతా విన్నది. ఇన్స్పెక్టర్లు రాకముందు ఆ బడికి జరిగిన బహిరంగ పరీక్ష ఇదేననవచ్చు.

పాటలోని వరహా సంగతి కాస్త ఆగి చూడాలి. మద్రాసు రాజధానిలో 1818లోనే వరహా పోయి రూపాయి వచ్చింది. మారకం నూరు వరహాలకు మూడువందల యాభై రూపాయలు. ఆ లెక్కన అయిదు వరహాలంటే పదిహేడున్నర రూపాయలు. పన్నెండు పావలాల అయ్యవారికి అది సుమారు ఆరునెలల జీతం! ఒక్క ఇంటి నుంచి అది వచ్చే మాట కాదని అడిగేవాళ్ళకూ తెలుసు, ఇచ్చేవాళ్ళకూ తెలుసు. నాణెం చెల్లడం మానేసినా పాటలో మాత్రం చెల్లుతూనే వచ్చింది.

అయితే అంతా ముచ్చటే అనుకోకండి. వూరేగింపు అన్ని గడపలకూ పోలేదు. అరుగు ఎక్కనివ్వని పిల్లల ఇళ్ళకు ఆ పద్యాలు చేరలేదు. ఇక రెండో మాట మనకు మరీ దగ్గరిది. బళ్ళారి జిల్లాలోని 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు ఎంతమంది అనుకున్నారు? అరవైమంది. చదువు ఆడవాళ్ళకు తగదనీ, అది బహిరంగంగా నాట్యమాడేవాళ్ళకే చెల్లుతుందనీ జనం అనుకొంటున్నట్టు మన్రో కూడా రాశాడు. అంటే బియ్యం పోసి బడిలో పెట్టిన తల్లి, పొద్దున్నే తరిమిన తల్లి, పప్పుబెల్లాలతో ఆ బడిని నిలబెట్టిన తల్లి, కొడుకు తాటాకు మీద ఏం రాశాడో చదవలేదు. పళ్ళెం పట్టుకొని ఆమె పక్కన నిలబడిన కూతురు తమ్ముడి పద్యాలు విని విని కంఠస్థం చేసేది కాబోలు. బడికి మాత్రం పోలేదు. 1874లో కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. మన్రో లెక్కకూ దానికీ మధ్య యాభై దసరాలు గడిచాయి.

ఆ బళ్ళు ఎందుకు పోయాయంటే జవాబు ఒకటి కాదు. క్యాంబెల్ కాలానికే, ఇంగ్లండు బట్టలు వచ్చి నేతపనులు దెబ్బతిని, పిల్లలకు జీతం కట్టే స్తోమత పోయి, వెనక బడి వున్న వూళ్ళలో అప్పటికి లేకుండా పోయింది. ఆ సంగతి దాచకుండా రాశాడు కలెక్టరు. 1854 తరువాత సర్కారు గ్రాంటులు వచ్చాయి. గ్రాంటు కావాలంటే హాజరుపట్టీ వుండాలి, తనిఖీ వుండాలి. 1920లో ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. జీతం బోర్డు ఇస్తుంటే వాకిళ్ళకు తిరగడం మేష్టర్లకు నామోషీ అయింది. అది సహజమే, నెల తిరిగేసరికి జీతం రావడం గౌరవం కాదని ఎవరంటారు? ఆడపిల్లలు, అరుగు ఎక్కనివ్వని పిల్లలు బడి మొహం చూసింది కూడా ఎక్కువగా ఈ కొత్త బళ్ళలోనే. ఇంటికీ బడికీ మధ్య వున్న రాకపోకలు మాత్రం ఆ దారిన పలచబడ్డాయి.

2009 నాటి విద్యాహక్కు చట్టంలో సర్కారు బళ్ళకు యాజమాన్య సంఘం వుండాలనీ, అందులో ముప్పాతిక మంది తలిదండ్రులు కావాలనీ, మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు వుండాలనీ రాశారు. ఈ సంగతి తెలియని తల్లులు చాలామంది వున్నారు. మీ పనిమనిషి పిల్లలు సర్కారు బడికి పోతుంటే ఆమెతో ఒకమాట చెప్పండి.

ఇప్పుడు కొన్ని బళ్ళల్లో దసరా సెలవులకు ముందు పిల్లలకు విల్లంబులిచ్చి ఆ పద్యాలు పాడిస్తున్నారు. ఆడపిల్లలు కూడా విల్లు పట్టుకుంటున్నారు. అయితే ఆ పద్యాలు వూరికొక తీరుగా వుండేవి. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవారెవరైనా వుంటే, వాళ్ళ వూళ్ళో ఎలా పాడేవారో అడిగి, ఈ పండుగ లోపల ఒక నోటు పుస్తకంలో రాసి వుంచండి.