నెగెటివ్ వచ్చాక

2021 జూన్. సోంపేట దగ్గర కొబ్బరి తోటల మధ్య ఒక ఊరు. అర్ధరాత్రి దాటాక ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు.

"మల్లీ ఆ మాయరోగమే తిరగబెట్టిందేటి?" భార్య భయపడింది.

"నెగెటివ్ వచ్చీసింది కాదేటి. నీరసం, అంతే."

ఇది ఏ ఒక్కరి కథా కాదు. సోంపేట చుట్టుపక్కల ఈ ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ మంచాల మీద చాలామంది పడిన పాట్లను ఒక మనిషిలో కలిపి చెబుతున్నాను. కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇక్కడి ఇళ్లను గుల్ల చేస్తోంది. కిడ్నీ పనితీరును చెప్పే 'క్రియాటినిన్' అన్న మాట బడి మొహం చూడనివాళ్ల నోళ్లలోనూ నలుగుతుంది. లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులు వేసుకున్నా, వీళ్లకు వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రికి పోక తప్పలేదు. ఆయనకు కరోనా సోకిందీ ఆ రోజుల్లోనే.

మర్నాడు డయాలసిస్‌కు ముందు తూకం వేశారు. 54 కిలోలు. కార్డులో రాసిన డ్రైవెయిట్ 52. అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు. ఎప్పటిలాగే మిషన్‌కు రెండు కిలోలు తీయమని చెప్పబోతుంటే డాక్టరు ఆపారు. ఆయన ముంజంగ మీద బొటనవేలితో నొక్కిపట్టి వదిలారు. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"రాత్రిళ్లు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావ్?"

"మూడు బాబూ. ఒక్కోపాలి కూకునే తెల్లార్చుతున్నాను."

జ్వరం పట్టిన వారాల్లో తిండి సయించక కండ కరిగిపోయింది. కరిగిన కండ చోటును నీరు ఆక్రమించింది. తూకంలో తేడా కనబడలేదు కాబట్టి మనిషి బాగానే ఉన్నాడనుకున్నారు. 52 అన్న అంకె జబ్బుకు ముందటి మనిషిది! దాన్ని పట్టుకుని నీరు తీస్తున్నంతకాలం మిగిలిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతూనే ఉంది. ఒక్కసారే తోడేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అందుకే విడతకు అరకిలో చొప్పున డ్రైవెయిట్ తగ్గించుకుంటూ వచ్చారు. ఆయాసం తగ్గింది. నీరసం మాత్రం అంత తొందరగా వదల్లేదు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) రగులుతున్నంతకాలం ఉన్న ఇనుమూ రక్తానికి అందదు, రక్తం పట్టే ఇంజెక్షన్లూ సరిగా పనిచేయవు.

ఆయన తమ్ముడిది మరో దారి. కిడ్నీ జబ్బు ఉన్నా అప్పటికి డయాలసిస్ దాకా రాలేదు. కరోనా కూడా ఇంట్లోనే తగ్గిపోయింది. ఏడాది తిరిగేసరికి డయాలసిస్ సూదులు గుచ్చేందుకు అతని చేతికీ ఫిస్టులా వేశారు. అది వైరస్ పనేనా, పాత జబ్బు పనేనా? ఒక్క మనిషిని చూసి తేల్చలేం. అయితే అమెరికాలో మాజీ సైనికుల రికార్డులను పరిశీలించిన సెయింట్ లూయిస్ పరిశోధకులు 2021లోనే హెచ్చరించారు: కరోనా నుంచి బయటపడ్డవాళ్లలో, ఆస్పత్రిలో చేరనివాళ్లతో సహా, నెలల తర్వాత కిడ్నీ పనితీరు పడిపోయే ముప్పు ఎక్కువగా కనిపించింది.

తమ్ముడిని మూడు నెలలకోసారి పిలిచి రక్తపరీక్ష చేసినవాళ్లు లేరు. నాకు కోపం తెప్పించేది ఇదే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడ ప్రతి రోగి కార్డులోనూ ఒక గడి ఉండాలి: కరోనా ఎప్పుడొచ్చింది, ముందు క్రియాటినిన్ ఎంత, తర్వాత ఎంత.