దేహం దాటిన అంతరిక్ష యాత్రలు: ఒక చారిత్రక పరిశీలన



మన ఆలయంలో ఆదివారం తరగతులు నడిపేవారికి ఏటా ఒకసారైనా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. "మన ఋషులు శరీరాన్ని ఇక్కడే ఉంచి గ్రహాలకూ, నక్షత్రాలకూ వెళ్లి వచ్చేవారట కదా, అది నిజమేనా?" అని. ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. "ముమ్మాటికీ నిజం, ఈనాటి విజ్ఞానశాస్త్రం ఇప్పుడిప్పుడే అక్కడికి చేరుకుంటున్నది" అంటారు పెద్దలలో కొందరు. బడిలో భౌతికశాస్త్రం చదువుకున్న పిల్లలు "అంతా కల్పన" అని మనసులో అనుకొని, పెద్దల మాట కాదనలేక మౌనం వహిస్తారు. ఆ మౌనమే క్రమంగా ఆలయానికి దూరం కావడంగా పరిణమించడం నేను కళ్లారా చూశాను. అందుచేత ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ప్రశ్నను మరుగుపరచకుండా మీ ముందు ఉంచి, చరిత్ర ఏమి చెబుతున్నదో మీతో కలిసి పరిశీలించదలచాను.

ఈ చరిత్రను మనం నివసిస్తున్న ఈ దేశం నుండే, అందులోనూ నిజంగా చంద్రునిపై కాలు మోపిన ఒక వ్యక్తి నుండే ప్రారంభిద్దాం.

1971 జనవరి 31న అపోలో 14 నౌక ఫ్లారిడా తీరం నుండి బయలుదేరింది. అందులో అలన్ షెపర్డ్, స్టూవర్ట్ రూసా, ఎడ్గర్ మిచెల్ అనే ముగ్గురు వ్యోమగాములు ఉన్నారు. మిచెల్ నౌకాదళ వైమానికుడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి డాక్టరేటు పొందిన ఇంజనీరు. ఫిబ్రవరి 5న షెపర్డ్‌తో కలిసి చంద్రునిపై ఫ్రా మౌరో అనే ప్రాంతంలో దిగి, అప్పగించిన పనులను పూర్తిచేశాడు. తిరుగు ప్రయాణంలో అతనికి కొంత విశ్రాంతి లభించింది. సూర్యుని వేడి నౌకకు అన్ని వైపులా సమంగా తగలడం కోసం నౌకను నెమ్మదిగా తిప్పుతూ ఉంటారు. అందువల్ల భూమి, చంద్రుడు, సూర్యుడు, నక్షత్రమండలాలు ఒకదాని వెంట ఒకటి కిటికీ ముందుకు వచ్చి తొలగిపోతున్నాయి. అలా చూస్తూ ఉండగా, తన శరీరంలోని అణువులూ, సహచరుల శరీరాలలోని అణువులూ, నౌకలోని అణువులూ ఏనాటివో ప్రాచీన నక్షత్రాల గర్భంలో రూపొందినవే అన్న ఎరుక అతనికి కలిగింది. ఖగోళశాస్త్ర పాఠంగా అది అతనికి ముందే తెలుసు. కాని ఆ క్షణంలో అది పాఠంగా కాక, తానూ విశ్వమూ వేరు కాదన్న ప్రత్యక్షానుభవంగా, పట్టరాని ఆనందంతో కూడి వచ్చింది.

భూమికి తిరిగి వచ్చిన తరువాత తనకు జరిగినది ఏమిటో తెలుసుకోవాలని మిచెల్ మతగ్రంథాలనూ, తత్త్వగ్రంథాలనూ వెదికాడు. పండితుల సహాయం కోరాడు. చివరకు తన అనుభవానికి సరిపోయే పేరు అతనికి సంస్కృతంలో దొరికింది. అది సవికల్ప సమాధి. వస్తువులు వేరువేరుగా కనిపిస్తూనే ఉంటాయి. అయినా అవన్నీ ఒక్కటే అన్న అనుభూతి కలుగుతుంది. 1973లో అతడు కాలిఫోర్నియాలో చైతన్యాన్ని గురించి పరిశోధించడానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నోయెటిక్ సైన్సెస్ అనే సంస్థను స్థాపించి, 2016లో మరణించే వరకు ఆ అన్వేషణను కొనసాగించాడు. ఒక్క విషయం గమనించండి. మిచెల్ దేహం నౌకలోనే ఉన్నది. అతడు దేహాన్ని విడిచి ఎక్కడికో వెళ్లానని చెప్పలేదు. దేహంతోనే అంత దూరం వెళ్లిన మనిషికి, "నేను" అన్న ఎల్ల చెరిగిపోయింది.

అదే 1971లో వర్జీనియాకు చెందిన రాబర్ట్ మన్రో అనే రేడియో వ్యాపారి తన దేహాతీత యాత్రలను వర్ణిస్తూ ఒక పుస్తకం ప్రకటించాడు. 1958 నుండి తాను నిద్రకూ మెలకువకూ నడుమ శరీరం వెలుపలికి వెళ్లి వస్తున్నానని అతని కథనం. ఆ పుస్తకంతో ఈ విషయం అమెరికాలో ఇంటింటి సంభాషణగా మారింది. రెండేళ్ల తరువాత, 1973 ఏప్రిల్‌లో, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఇంగో స్వాన్ అనే చిత్రకారుడు కళ్లు మూసుకొని కూర్చుని, తన చైతన్యం గురుగ్రహం దాకా వెళ్లిందని చెబుతూ అక్కడ కనిపించినవాటిని వర్ణించాడు. గురుగ్రహాన్ని సమీపం నుండి చూసిన మొదటి నౌక పయొనీర్ 10 అక్కడికి చేరినది ఆ సంవత్సరం డిసెంబరులో. స్వాన్ వర్ణనలో గ్రహం చుట్టూ వలయం వంటిది ఒకటి ఉన్నది. 1979లో వాయేజర్ 1 నౌక గురుగ్రహానికి సన్నని వలయాలు ఉన్నాయని కనుగొన్నప్పుడు స్వాన్ అభిమానులు సంబరపడ్డారు. అయితే అదే వర్ణనలో అత్యున్నతమైన పర్వతశ్రేణులు కూడా ఉన్నాయి. గురుగ్రహం ప్రధానంగా వాయుగోళం. పర్వతం నిలబడడానికి అక్కడ నేల లేదు. వలయాన్ని గుర్తుంచుకొని పర్వతాలను మరచిపోవడం న్యాయమైన లెక్క కాదు.

ఇటువంటి యాత్రలు అమెరికాలో పుట్టినవి కావు. 1758లో స్వీడన్ దేశపు పండితుడు ఇమాన్యుయెల్ స్వీడన్‌బోర్గ్ ఇతర గ్రహాల ఆత్మలతో తాను సంభాషించానని ఒక గ్రంథం రచించాడు. అందులో బుధుడు మొదలు శని వరకు ఉన్న గ్రహాల ప్రస్తావన ఉన్నది. యురేనస్ లేదు, నెప్ట్యూన్ లేదు. మొదటిదానిని 1781లో, రెండవదానిని 1846లో దూరదర్శినుల సహాయంతో కనుగొన్నారు. పందొమ్మిదవ శతాబ్ది చివరన జెనీవాలో హెలీన్ స్మిత్ అనే మారుపేరుతో ప్రసిద్ధురాలైన ఒక స్త్రీ తన్మయావస్థలో అంగారక గ్రహానికి వెళ్లి వచ్చి, అక్కడి భాషను మాట్లాడి, వ్రాసి చూపింది. పూర్వజన్మలో తాను భారతదేశపు రాజకుమారినని కూడా చెప్పింది. మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు థియొడోర్ ఫ్లూర్నోయ్ ఆమెను ఏళ్ల తరబడి సానుభూతితో పరిశీలించి 1900లో గ్రంథం ప్రకటించాడు. ఆ అంగారక భాష వ్యాకరణం ఆమె మాతృభాష అయిన ఫ్రెంచి వ్యాకరణమేనని అతడు నిరూపించాడు. ఆమె మోసగత్తె అని అతడు అనలేదు. తెలియకుండానే ఆమె మనస్సు తనకు తెలిసిన సరుకుతో ఒక లోకాన్ని నిర్మించిందని అన్నాడు.

ఇక మన ఇంటికి వద్దాం. పరుల గ్రంథాలకు వాడిన గీటురాయిని మన గ్రంథాలకు వాడకపోతే అది పరిశీలన అనిపించుకోదు.

పతంజలి యోగసూత్రాలలో మూడవదైన విభూతి పాదంలో "మహావిదేహ" అనే పదం ఉన్నది. మనోవృత్తి దేహాన్ని ఆధారం చేసుకోకుండా వెలుపల నిలిచే స్థితికి అది పేరు. సూర్యునిపై సంయమం చేస్తే భువనజ్ఞానం కలుగుతుందని కూడా ఆ పాదం చెబుతుంది. ఆ సూత్రానికి వ్యాస భాష్యం వివరించే భువనం ఎటువంటిది? మేరుపర్వతం, జంబూద్వీపం, సప్తలోకాలు. అంటే ఆనాటి పౌరాణిక భూగోళమే. స్వీడన్‌బోర్గ్ తన కాలపు గ్రహాలను చూసినట్లే, మన భాష్యకారుడూ తన కాలపు లోకాలనే వర్ణించాడు. ఈ మాట చెప్పడం వల్ల యోగశాస్త్రానికి లోటు రాదు. ఎందుకంటే అదే పాదంలో పతంజలి ఒక హెచ్చరిక చేశాడు: ఇటువంటి శక్తులు బహిర్ముఖమైన మనస్సుకు సిద్ధులుగా తోచినా, సమాధికి అవి విఘ్నాలే అని. పతంజలి గొప్పతనం ఆ హెచ్చరికలో ఉన్నదని నా అభిప్రాయం.

గ్రహగతులను నిజంగా తెలుసుకోవలసి వచ్చినప్పుడు మన పూర్వులు వేరే మార్గం అనుసరించారు. క్రీ. శ. 499లో, 23 ఏళ్ల వయస్సులో, ఆర్యభటుడు భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని చెప్పాడు. నదిలో సాగే పడవలోని వానికి ఒడ్డున ఉన్న చెట్లు వెనుకకు పోతున్నట్లు కనిపించే తీరుతో దానిని వివరించాడు. అందుకు అతడు దేహాన్ని విడువలేదు. ఆకాశాన్ని గమనించి, లెక్క కట్టాడు. కాబట్టి యువ పాఠకులారా, ధ్యానమా, గణితమా అని ఎవరైనా మిమ్మల్ని నిలదీస్తే, మన సంప్రదాయంలో రెండూ ఉన్నాయనీ, ఒకదాని పనిని మరొకదానికి అప్పగించకూడదనీ ధైర్యంగా చెప్పండి.

ఆధునిక వైద్యం ఈ అనుభవాన్ని గురించి కొంత తెలుసుకున్నది. 2002లో స్విట్జర్లాండులో ఓలాఫ్ బ్లాంకే బృందం, మూర్ఛవ్యాధితో బాధపడుతున్న ఒక రోగి మెదడును పరీక్షిస్తూ, కుడివైపున ఒకచోట స్వల్పమైన విద్యుత్తును ప్రసరింపజేసింది. వెంటనే ఆమెకు తాను పైకప్పు దగ్గర తేలుతూ, మంచంపై ఉన్న తన కాళ్లను పైనుండి చూస్తున్నట్లు అనిపించింది. చూపు, స్పర్శ, శరీరపు సమతౌల్యం అందించే సమాచారాన్ని కలిపి "నేను ఇక్కడ ఉన్నాను" అన్న భావాన్ని కల్పించే స్థానం అది. ఆ కలయిక చెదిరితే, "నేను" వేరొక చోట ఉన్నట్లు తోస్తుంది. దీనివల్ల అనుభవం అబద్ధమని తేలలేదు. ఆ తేలిపోవడాన్ని రోగి నిజంగానే అనుభవించింది. కాని అనుభవం నిజమైనంత మాత్రాన, అందులో కనిపించిన చోటికి వెళ్లినట్లు కాదు.

ఈ భేదాన్ని మన యోగవాసిష్ఠం ఏనాడో కథగా చెప్పింది. లీల అనే రాణి భర్త మరణించగా, సరస్వతీదేవి అనుగ్రహంతో దేహాన్ని అంతఃపురంలోనే ఉంచి, దేవితో కలిసి ఆకాశంలోకి ఎగిరి, లోకాలు దాటి, బ్రహ్మాండాలు దాటి, భర్త మరొక జన్మ గడుపుతున్న వేరొక రాజ్యాన్ని చూస్తుంది. ప్రపంచ సాహిత్యంలో ఇంత విస్తారమైన దేహాతీత యాత్ర అరుదు. కాని దేవి ఆమెకు నేర్పిన పాఠమేమిటి? భూతాకాశం, చిత్తాకాశం, చిదాకాశం అని ఆకాశాలు మూడు. అంత దూరంగా తోచిన ఆ లోకాలన్నీ ఒక చిన్న ఇంటి ఆవరణలోనే ఇమిడి ఉన్నాయి. లీల ప్రయాణించినది చిత్తాకాశంలో. నౌకలు ప్రయాణించేది భూతాకాశంలో. తెలంగాణ నుండి వచ్చిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబరు నుండి దాదాపు 6 నెలలు గడిపినదీ, అదే సంవత్సరం జూలై 11న శిరీష బండ్ల చేరుకున్నదీ ఈ భూతాకాశమే. రెండూ యాత్రలే. ఒకదానికి పటం గీయవచ్చు, మరొకదానికి గీయలేము.

మరి చిత్తాకాశ యాత్రకు విలువ కట్టడం ఎలా? మన పెద్దలు దూరాన్ని బట్టి కట్టలేదు. తిరిగి వచ్చిన తరువాతి నడవడిని బట్టి కట్టారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుణ్ణి తలచుకోండి. సిద్ధుడిచ్చిన పాదలేపనంతో క్షణాలలో హిమాలయాలకు వెళ్లాడు. ఆ లేపనం మంచుకు కరిగిపోయింది. అప్పుడు అతని తపన అంతా ఇల్లు చేరి నిత్యకర్మ సాగించడం కోసమే. అందుకే వరూధినిని కాదని అగ్నిదేవుణ్ణి ప్రార్థించాడు.

1920లో బోస్టన్ రేవులో దిగి ఈ దేశంలో ఎందరికో యోగాన్ని పరిచయం చేసిన పరమహంస యోగానంద తన ఆత్మకథలో ఒక సంఘటన వ్రాశారు. యౌవనంలో గురువైన శ్రీయుక్తేశ్వర్ గిరి స్పర్శతో ఆయన చైతన్యం దేహాన్ని దాటి నక్షత్రమండలాల అంచుల దాకా వ్యాపించింది. ఆ ఆనందం నుండి తేరుకొని గురువు పాదాలకు నమస్కరించగానే, గురువు ఆ పారవశ్యంలో మునిగిపోవద్దనీ, వసారా ఊడుద్దాం రమ్మనీ చెప్పగా, ఆయన ఒక చీపురు తెచ్చారు.

ఎడ్గర్ మిచెల్‌ను కూడా మనం అదే కొలతతో చూద్దాం. గ్రహాంతరవాసులను గురించి అతడు తరువాతి కాలంలో చేసిన ప్రకటనలను నాసా అంగీకరించలేదు. మనమూ అంగీకరించనవసరం లేదు. కాని అతడు తన అనుభవాన్ని గొప్పగా చెప్పుకొని ఊరుకోలేదు. దానికి పేరు వెదికాడు, ప్రశ్నించాడు, మిగిలిన జీవితాన్ని ఆ ప్రశ్నకే అంకితం చేశాడు.

కాబట్టి ఈసారి ఎవరైనా మిమ్మల్ని "మన ఋషులు నక్షత్రాలకు వెళ్లారా?" అని అడిగితే, మౌనం వహించకండి. వారు పొందిన అనుభవం గౌరవింపదగినదని చెప్పండి. దానిని గ్రహాల పటంగా చూపవద్దని మన శాస్త్రాలే సూచిస్తున్నాయని కూడా చెప్పండి. ఈ రెండు మాటలూ ఒకే నోట పలకడానికి ఆలయంలో మీకు చోటు లేదని ఎన్నడూ అనుకోవద్దు. ఆ చోటు మీకు కల్పించడం పెద్దలమైన మా బాధ్యత.

వార్షికోత్సవం నాటి రాత్రి కల్యాణం ముగిసి, అతిథులందరూ వెళ్లిపోయిన తరువాత, సభామండపంలో పువ్వులూ అక్షతలూ చెల్లాచెదరుగా పడి ఉంటాయి. వంటశాల ప్రక్కనున్న గదిలో చీపుళ్లు ఉంటాయి. దయచేసి కొంతసేపు ఆగండి. ఊడుస్తూ ఈ విషయాన్ని మరికొంత మాట్లాడుకుందాం.