పండ్రెండేండ్లు నలిగిన ప్రతిపాదన

భారతదేశమున అడుగిడిన మరునాడే, అనగా 1898 డిసెంబరు 31వ తేదీన, నూతన రాజప్రతినిధి కర్జను ప్రభువు బొంబాయిలో ఒక ప్రతినిధివర్గమునకు దర్శనమొసంగెను. ముప్పది లక్షల రూపాయల విలువగల ఆస్తిని ధారపోయ సంకల్పించిన జంషెడ్జీ టాటా, తన సహచరుడగు బర్జోర్జీ పాద్షా చేత సిద్ధపరపించిన విశ్వవిద్యాలయ ప్రణాళికను వారాయన సమక్షమున నుంచిరి. విజ్ఞాన సాంకేతికములు, వైద్యము, తత్త్వశాస్త్రము, విద్యాశాస్త్రము అన్నియు అందు ఇమిడియుండెను. కర్జను దానిని త్రోసిపుచ్చలేదు గాని రెండు సందేహములు వెలిబుచ్చెను: ఇంతటి ఉన్నతవిద్యకు తగిన విద్యార్థులు లభింతురా? చదివి వెలువడినవారికి ఉద్యోగము లెక్కడ దొరకును?

నేటికిని ఏ విశ్వవిద్యాలయమున క్రొత్త ఇంజనీరింగు కోర్సును గూర్చిన ప్రతిపాదన పరిశీలక సంఘమునకు చేరినను, మొట్టమొదట వినవచ్చునవి ఈ ప్రశ్నలే. అవి అడుగదగినవే, కాని వాని ఉత్తరములు దస్త్రములలో దొరకునవి కావు.

1900లో విఖ్యాత రసాయనశాస్త్రజ్ఞుడు సర్ విలియం రామ్సే దేశమెల్ల తిరిగి చూచి, బెంగుళూరు అనువైన తావని తెల్పెను. పిదప మెల్బోర్న్ ఆచార్యుడు మాసన్, రూర్కీ కళాశాలాధ్యక్షుడు క్లిబ్బార్న్ కలిసి ఆ పథకమును మరల పరిశీలించి మరింత కుదించిరి. నివేదికపై నివేదిక పేరుకొనుచుండగా, 1904 మే నెలలో టాటా జర్మనీలో కన్నుమూసెను. 1909 మే 27వ తేదీకి గాని బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ స్థాపనకు ఉత్తరువు వెలువడలేదు. 1911 జూలైకి గాని తొలి విద్యార్థులు చేరలేదు. పరిశీలన వేరు, తాత్సారము వేరు. దాత తన కలను కన్నులార చూడక కడతేరునంతగా సాగిన ఆ కాలహరణమును నేను సమర్థింపజాలను.

అయినను కుదింపువలన మేలేమియు కలుగలేదనుట న్యాయము కాదు. తత్త్వశాస్త్రాదులు తొలగిపోగా, సాధారణ రసాయనము, అనువర్తిత రసాయనము, విద్యుత్సాంకేతికము అను మూడు శాఖలతో బోధన ప్రారంభమయ్యెను. ఈ మూడవది అచ్చట నెలకొనుట ఎంతయో సముచితము. ఏలయన, మైసూరు సంస్థానము 1902 నాటికే కావేరిపై శివసముద్రమున జలవిద్యుత్తును పుట్టించి, సుమారు 92 మైళ్ల తీగలమీదుగా కోలారు బంగారు గనులకు పంపుచుండెను. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగెను. పాఠమున చెప్పిన టర్బైను, జెనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఒక పూట ప్రయాణములో కంటికి కానవచ్చునప్పుడు, ఉద్యోగ మెక్కడ దొరకునన్న ప్రశ్నకు వేరు సమాధానమేల?

ఆ సంస్థయే మరల 1942లో, జ్ఞానచంద్ర ఘోష్ సంచాలకుడుగా నున్న కాలమున, విమానశాస్త్ర శాఖను నెలకొల్పెను. అంతకు రెండేండ్ల ముందే వాల్‌చంద్ హీరాచంద్ పూనికతోను, మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతోను బెంగుళూరులో విమాన కర్మాగారము వెలసియుండెను. యుద్ధవిమానములు మరమ్మతులకై అచ్చటికి వచ్చుచుండెను. బోధింపవలసినవాడుగా, గట్టింగెనులో వాయుగతిశాస్త్రజ్ఞుడు ప్రాంట్ల్ కడ చదివిన విష్ణు మాధవ ఘాట్గే లభించెను. కర్మాగారము, గురువు, అవసరము మూడును ఒక్క ఊర సమకూడిన ఇట్టి ప్రతిపాదన మరియొకటి నాకు తోచదు.

విశాఖపట్నమున అట్టి యోగము పట్టలేదు. ఆ వాల్‌చంద్ పూనికతోనే సింధియా నౌకానిర్మాణశాలకు 1941లో అచ్చట శంకుస్థాపన జరిగెను. 1948 మార్చి 14వ తేదీన జవాహర్లాల్ నెహ్రూ ‘జల ఉష’ నౌకను సముద్రమున ప్రవేశపెట్టెను. అయినను నౌకానిర్మాణశాస్త్రమును బోధించు తొలి శాఖ 1952లో, అప్పటికి ఆ ఘోష్ సంచాలకుడుగా నున్నట్టియు, కడలికి దూరముగా నున్నట్టియు ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో వెలసెను. ఆ శాఖ చేసిన సేవను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని నౌకలు తయారగుచుండిన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఉండనే యుండెను. ఆ విద్య మొదట అచ్చట పుట్టవలసినది.