నమూనా గూడ్స్ వ్యాగన్: తయారీ, రంగులు, దృశ్యాలు

అసలు రైలును కొలత ప్రకారం చిన్నదిగా కట్టే హాబీయే మోడల్ రైల్‌రోడింగ్. అమెరికాలో ఈ అభిరుచి ఉన్నవారి సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1935లో ఏర్పడింది.

కొలత: అక్కడ ఎక్కువగా వాడేది హెచ్‌ఓ స్కేలు. అసలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మి.మీ. 40 అడుగుల బాక్స్‌కారు ఇందులో ఐదున్నర అంగుళాలే. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ.; ఇదే లెక్కన 19 మి.మీ. దాటుతుంది. అందుకే మన వ్యాగన్ నమూనాను 16.5 పట్టాలపై పెడితే చక్రాలు లోపలికి జరిగినట్టు కనిపిస్తాయి.

బరువు: మరీ తేలికైన వ్యాగన్ మలుపులో పట్టాలు తప్పుతుంది. ఎన్‌ఎంఆర్‌ఏ సూచన: ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో అంగుళానికి అర ఔన్సు. ఈ బాక్స్‌కారుకు 3.75 ఔన్సులు, అంటే దాదాపు 106 గ్రాములు. పైకప్పు అతికించకముందే లోపల బరువు పెట్టేయాలి. పిల్లలున్న ఇంట్లో సీసం వద్దు, ఇనుప నట్లు చాలు.

రంగు: విడిభాగాలను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, జిడ్డుంటే రంగు పట్టదు. ప్రైమర్ వేశాక పలచగా రెండు మూడు పూతలు వేయాలి. నంబర్ల డెకాల్స్‌కు ముందు గ్లాస్ వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగుపై అతికిస్తే కింద గాలి చేరి తెల్లగా మెరుస్తుంది. చివర మ్యాట్ పూత, తుప్పు కోసం రంగుసుద్ద పొడి.

దృశ్యం: థర్మోకోల్ గుట్టలపై ప్లాస్టర్ పూయాలి. స్ప్రే పెయింట్ నేరుగా కొడితే థర్మోకోల్ కరిగిపోతుంది. సన్న కంకర పరిచి, నీళ్లు కలిపిన తెల్ల జిగురును చుక్కలుగా వదలాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపితే జిగురు లోపలిదాకా దిగుతుంది.

స్ప్రే పని ఆరుబయటే, మాస్కుతోనే చేయాలి.