పక్షవాతము – ప్రవాసము

పరదేశమున ఉద్యోగము చేయువానిని స్వగ్రామమునందలి తల్లిదండ్రులను గూర్చిన చింత ఎన్నడును వదలదు. జ్వరము వచ్చెనని తెలిసినచో నాలుగు దినముల సెలవుతో పోయి చూచి రావచ్చును. మరణవార్త వచ్చినను, అది ఎంత దుఃఖకరమైనను, కర్మకాండకు ఇన్ని దినములని ఒక లెక్క కలదు. పక్షవాతమునకు అట్టి లెక్క లేదు. అది ఒక్క క్షణమున వచ్చి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి నిలుచును. ఏ కార్యాలయమునను దానికి చాలినంత సెలవు దొరకదు. కనుక ప్రవాసులమైన మనకు ఇది వైద్యవిషయము మాత్రమే కాదు. దూరము, కాలము, కుటుంబము, భాష అను నాలుగింటి సమస్య. సెక్టర్ 7 వంటి చోట నివసించు తెలుగువారికి ఈ ఏడు దశాబ్దములలో వీనిలో ఏవి మారినవో, ఏవి మారలేదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడికతో భిలాయి ఉక్కు కర్మాగారము రూపుదాల్చ నారంభించినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాడు మధ్యప్రదేశమునకు, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢమునకు చెందిన ఈ దుర్గు ప్రాంతమునకు దేశము నలుమూలలనుండియు జనులు తరలివచ్చిరి. తెలుగువారి రాకకు 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గము మిక్కిలి తోడ్పడినది. బొబ్బిలిలోనో పార్వతీపురములోనో రైలెక్కినవాడు రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు చేరి, అచ్చటినుండి భిలాయికి రావచ్చును. ఆ రెండు ఊళ్లును నాడు శ్రీకాకుళము జిల్లాలోనివే. విజయనగరము జిల్లా 1979లో గాని ఏర్పడలేదు.

వచ్చినవారు ఎక్కువమంది యువకులు. తల్లిదండ్రులు ఊరిలో పొలమును, ఇంటిని, పశువులను కనిపెట్టుకొని ఉండిరి. ఉత్తరము, మనియార్డరు, టెలిగ్రాము – ఇవియే నాటి బంధములు. వానిలో టెలిగ్రామును చూచిన గుండె జారెడిది. “తండ్రికి ప్రమాదముగా నున్నది, వెంటనే బయలుదేరుము” అను నాలుగు మాటలలో రోగమేదో, మనిషి మాటలాడుచున్నాడో లేదో తెలియునది కాదు. మన దేశమున మొదటిసారిగా నేరుగా అంకెలు త్రిప్పి పరవూరితో మాటలాడు సౌకర్యము 1960లో కాన్పూరు, లక్నోల నడుమ ఏర్పడినది. మన పల్లెలకు అది చేరుటకు దశాబ్దములు పట్టినది. టెలిగ్రాము సేవయే 2013 జూలైలో ముగిసినది. నేడు తల్లి ముఖమును చేతిలోని ఫోనులో చూడగలుగుచున్నాము.

వార్త ఆలస్యమైనంతకాలము ఊరిలో జరుగు చికిత్స వేరు. ఒకరు పావురపు రక్తము పూయించెడివారు. ఒకరు తైలమర్దనము చేయించెడివారు. నాటి పెద్దలను ఇందుకు నిందించుట న్యాయము కాదు. ఏలయనగా ఆ కాలమున లండను నగరపు ఆసుపత్రిలోనైనను మెదడున గడ్డకట్టిన రక్తమును కరిగించి రోగిని లేవనెత్తగల చికిత్స లేదు. ఇచ్చట ఆ రోగముయొక్క చరిత్రను కొంచెము తలచుకొనవలసియున్నది.

పక్షము అనగా దేహమున ఒక పార్శ్వము. చరకసంహిత చికిత్సాస్థానమునందలి వాతవ్యాధి ప్రకరణమున ఈ రోగము వర్ణింపబడినది. లక్షణములను మన పూర్వులు చక్కగా గుర్తించిరి. కారణము మెదడులోని రక్తనాళములయందున్నదని తెలియుటకు మాత్రము చాలకాలము పట్టినది. స్విట్జర్లాండు వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ ఈ రోగముచే మరణించినవారి మెదడులను పరీక్షించి, అందు రక్తస్రావమును కనుగొని, 1658లో గ్రంథము ప్రకటించెను. రక్తనాళము మూసుకొనిపోవుట ఒక విధము, చిట్లుట మరియొక విధము. పైకి రెండును ఒకేవిధముగా కనబడును. చికిత్సలు మాత్రము విరుద్ధములు. బ్రతికియున్న మనిషి మెదడులో ఏది జరిగినదో చూపగల స్కానింగు యంత్రముతో 1971లో లండనునందు మొదటి రోగిని పరీక్షించిరి. దానిని నిర్మించిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డుకు 1979లో నోబెల్ బహుమానము లభించినది.

ఆ పిమ్మట మార్పు వేగముగా వచ్చినది. గడ్డను కరిగించు మందును మూడు గంటలలోపల ఇచ్చినచో మేలు కలుగునని 1995లో అమెరికా పరిశోధకులు నిరూపించిరి. నాలుగున్నర గంటలవరకు ప్రయోజనము కలదని 2008లో ఐరోపాలో తేలినది. పెద్ద నాళమున అడ్డుపడిన గడ్డను సన్నని గొట్టము పంపి వెలికిలాగు విధానము 2015లో పలు పరిశోధనలచే స్థిరపడినది. అనగా దినములతో లెక్కింపబడిన రోగము గంటలతో, నిమిషములతో లెక్కింపబడు రోగమైనది.

ఇక మన దూరమును ఈ గంటలతో పోల్చి చూడుడు. 2024 సెప్టెంబరులో దుర్గు, విశాఖపట్టణముల నడుమ వందే భారత్ రైలు ప్రారంభమైనది. అదియును సుమారు ఎనిమిది గంటల ప్రయాణమే. మందు పనిచేయు కాలము నాలుగున్నర గంటలు. కాబట్టి సెక్టర్ 7నుండి ఎంత వేగముగా బయలుదేరినను కొడుకుగాని కూతురుగాని ఆ గడియలోపల తల్లి మంచమును చేరజాలరు. ఆ ఘడియలో తల్లిని కాపాడువారు పొరుగువారే. మూతి వంకరపోయినను, చేయి వాలిపోయినను, మాట తడబడినను అది పక్షవాతమని గ్రహించి, నోట నీరైనను పోయక, 108కి ఫోను చేసి, స్కానింగు గల ఆసుపత్రికే నేరుగా తీసికొనిపోవలయునని ఊరిలోని నలుగురికి ముందే చెప్పి ఉంచవలెను. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైనది. నేడు ఛత్తీస్‌గఢమునందును ఆ సంఖ్యయే. లక్షణములు మొదలైన వేళను కాగితముపై వ్రాసి పంపవలెను. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే. రాత్రివేళ స్కానింగు, గడ్డను కరిగించు మందు ఏ ఆసుపత్రిలో దొరకునో ముందుగా విచారించి ఉంచుట దూరముననున్న సంతానము చేయదగిన మొదటి సేవ.

ప్రాణము నిలిచిన పిదప రెండవ ప్రశ్న వచ్చును: వారిని ఇచ్చటికి తీసికొనివచ్చుటయా, మనమే పోవుటయా? శ్రవణకుమారుడు కావడిలో తల్లిదండ్రులను మోసినాడని మన కథలు చెప్పును. అతనికి ఉద్యోగము లేదు, క్వార్టరు లేదు, బిడ్డల పరీక్షలు లేవు. మన కావడి బరువు వేరు. ఊరినుండి భిలాయికి తెచ్చినచో ఆసుపత్రి, క్రమమైన వ్యాయామచికిత్స చేరువలో నుండును. కాని రచ్చబండ, పొరుగింటి పలకరింపు, తులసికోట, తెలిసిన తెలుగు గొంతులు అచ్చటనే మిగిలిపోవును. మేడమీది క్వార్టరైనచో మెట్లు దిగలేని మనిషికి అది చెరసాలయే యగును. మరియు ఒక సత్యము దాచరాదు: కొడుకు పితృసేవ చేయుచున్నాడని లోకము మెచ్చుకొనును గాని, రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుట, స్నానము, పథ్యము మొదలైన పనులు తరచుగా కోడలి చేతులమీదుగా జరుగును. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము సంతానముపై బాధ్యతను ఉంచినది. ఆ బాధ్యతను ఇంటిలో ఎవరెవరు ఎట్లు పంచుకొనవలెనో చట్టము చెప్పలేదు. ఆ నిర్ణయము తల్లిని తెచ్చుటకు పూర్వమే, కోడలి మాటకు సమానమైన విలువనిచ్చి, ఇంటిల్లిపాదియు కూర్చుండి చేసికొనవలెను. తీసికొని రాబడు మనిషిని అడుగుట మరువరాదు. మాట పోయినంతమాత్రమున మనస్సు పోదు.

పడినవారు లేచుట సాధ్యమా అని సందేహించువారికి చరిత్రలో సమాధానము కలదు. లూయీ పాశ్చరునకు 1868లో, 45 ఏండ్ల వయస్సున, ఎడమ పార్శ్వము పడిపోయినది. పిచ్చికుక్క కాటునకు ఆయన టీకా ప్రయోగించినది 1885లో – అనగా ఆ దెబ్బ తగిలిన 17 ఏండ్లకు. భిలాయికి యంత్రములను పంపిన సోవియట్ దేశముననే, రెండవ ప్రపంచయుద్ధకాలమున, దక్షిణ ఉరల్ ప్రాంతమునందు అలెగ్జాండరు లూరియా అను శాస్త్రజ్ఞుడు మెదడుకు గాయములైన సైనికులకై ఒక ఆసుపత్రిని నడిపెను. మెదడులో ఒక భాగము చెడినను, మిగిలిన భాగములకు క్రొత్తదారిని నేర్పి పోయిన శక్తిని కొంతవరకు తిరిగి తేవచ్చునని ఆయన సిద్ధాంతము. వంతెన కూలినచో బండి చుట్టుదారిన ఊరు చేరునట్టిది ఇది. అయితే చుట్టుదారికి కాలము పట్టును, ప్రతిదినము నడువవలయును. మొదటి మూడు నుండి ఆరు నెలలలో మార్పు అధికముగా కనబడును. పిమ్మట నెమ్మదించును గాని ఆగదు.

ప్రేమ ఒక్కటియే చాలునా? చాలదని మన దేశముననే తేలినది. 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులపై జరిగిన ఒక పరిశోధన ఫలితము 2017లో వెలువడినది. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి వారిచేతనే ఇంటివద్ద వ్యాయామము చేయించినను, ఆరు నెలల పిదప మరణించినవారి, పరాధీనులైనవారి పాళ్లు శిక్షణ లేనివారితో సమానముగనే ఉండెను. రెండు వర్గములందును నూటికి 47. మొదటి దినముననే అతిగా నడిపించుటవలన కీడే కలుగవచ్చునని 2015 నాటి మరియొక పరిశోధన తెలిపినది. కావున ఆత్రముతో పడిన చేతిని పట్టి లాగుట, సొంత ప్రయోగములు చేయుట తగదు. నిపుణుని సలహా, కుటుంబపు ఓర్పు – రెండును కావలెను. రక్తపోటు మందు ఒక్కనాడైనను మానకుండ చూచుట, చుట్టను మాన్పించుట, ఊరినుండి ప్రేమతో వచ్చిన ఆవకాయ జాడీని, ఎండుచేపను కొంత దూరముగా ఉంచుట కూడ సేవయే. రెండవ దెబ్బను ఆపునవి ఇట్టి చిన్న పనులే.

చివరిది భాష. ఇది ప్రవాసులకు ప్రత్యేకమైన సమస్య. 1861లో పారిసు వైద్యుడు పాల్ బ్రోకా, మాట పోగొట్టుకొనిన రోగి మెదడును పరీక్షించి, వాక్కుకు ఎడమభాగమున స్థానమున్నదని చూపెను. పెక్కు భాషలు తెలిసినవానికి మొదట నేర్చినది ముందు తిరిగి వచ్చునని రిబో 1881లోను, ఎక్కువ అలవాటైనది ముందు వచ్చునని పిత్రె 1895లోను వాదించిరి. పల్లెనుండి వచ్చిన మన తల్లికి ఈ వివాదముతో పని లేదు. ఆమెకు మొదటి భాషయు, అలవాటైన భాషయు తెలుగే. హిందీలో వస్తువు పేరడిగి, ఆమె చెప్పలేనప్పుడు అది రోగలోపమని వ్రాసికొన్నచో, రాని భాషలో పరీక్ష పెట్టి తప్పినదనుట వంటిదే యగును. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడిగారు మొదలైనవారు 608 మంది రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితమును ఇచ్చట గుర్తుచేయవలెను. పక్షవాతము పిదప ఆలోచనాశక్తి చెక్కుచెదరక నిలిచినవారు, రెండు భాషలు తెలిసినవారిలో నూటికి 40.5, ఒకే భాష తెలిసినవారిలో 19.6. మాట పోవుటలో మాత్రము ఇరువర్గములకు భేదము కానరాలేదు. ఒకే భాష గల తల్లికి ఆ ఒక్క భాషయు వినబడకపోయినచో ఎంత నష్టమో మనమే ఊహింపవచ్చును.

ఇచ్చటనే మన సమాజము చేయదగిన పని కలదు. నీళ్లు, ఆకలి, నొప్పి, చలి, మరుగు – ఇట్టి ఇరువది మాటలను బొమ్మలతో, తెలుగు అక్షరములతో, క్రింద హిందీ ఉచ్చారణతో ఒక అట్టపై వ్రాసి ఉంచినచో రోగికిని, నర్సుకును మేలు. సెక్టర్ 7లో పది తెలుగు కుటుంబములు వారమున ఒక్కొక్క గంట పంచుకొనినచో, ఒక వృద్ధురాలికి వారమునకు పది గంటల తెలుగు దొరకును. కోడలికి పది గంటల విశ్రాంతి దొరకును. పాటను కూడ మరువరాదు. మాట రాని మనిషి పాట పాడగలుగుట 1745లోనే స్వీడను దేశమున నమోదైనది; 1973లో అమెరికాలో దానినే ఒక చికిత్సాపద్ధతిగా మలచిరి. చిన్ననాటి మంగళహారతిని ప్రక్కన కూర్చుండి మెల్లగా ఎత్తుకొనినచో ఆమె పెదవులు కదలవచ్చును. కదలకపోయినను వినుచుండును.

నాడు పాతికేండ్ల వయస్సున భిలాయికి వచ్చినవారిలో నేడు జీవించియున్నవారు తొంబదికి చేరువైనవారు, దాటినవారు. వారి బిడ్డలు హైదరాబాదునందో, బెంగళూరునందో, అమెరికాలోనో ఉన్నారు. ఒకనాడు టెలిగ్రాము అందుకొని వణకిన చేతులే నేడు సెక్టర్ 7లో ఫోను మ్రోగుటకై ఎదురుచూచుచున్నవి. రైలు వేగము పెరిగినది, వార్త క్షణమున చేరుచున్నది, మందు కనుగొనబడినది. కాని నాలుగున్నర గంటలలోపల తలుపు తట్టగలవాడు నాడును పొరుగువాడే, నేడును పొరుగువాడే. మన ప్రక్క క్వార్టరులో ఒంటరిగా ఉన్న పెద్దలెవరో, వారి మందులేవో, వారి బిడ్డల ఫోను నంబరు ఏదో ఈ వారముననే అడిగి వ్రాసి ఉంచుకొందము. మన ఊరిలో మన తల్లికి పొరుగువారెవరో ఆ మేలు చేయుదురని ఆశించు మనము, ఇచ్చట మరియొకరి తల్లికి ఆ పొరుగువారము కావలెను.