పాముకాటుకు మూలికా వైద్యం

పాము కరిచిన మనిషికి వేళ్లూ ఆకులూ నూరి పసరు తాగించడం, కాటు మీద కట్టు వేయడం భారతదేశంలో తరతరాల వాడుక. సుశ్రుత సంహితలోని కల్పస్థానం పూర్తిగా విషచికిత్సకు సంబంధించినదే. ఈశ్వరి వేరు, సుగంధిపాల, సర్పగంధి ఈ పనికి పేరుపడిన మూలికలు.

పాముకాటు మందులను పరీక్షించి చూసిన తొలి ప్రయత్నాల్లో ఒకటి తెలుగు తీరాన జరిగింది. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రసెల్ పాములను సేకరించి, కోళ్లను, కుక్కలను కరిపించి విషం తీరు గమనించాడు. అప్పట్లో పేరుమోసిన, పాషాణం కలిసిన తంజావూరు మాత్రలనూ పరీక్షించాడు. 1796 నాటి ఆయన గ్రంథంలో రక్తపింజరికి ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరే ఉంది. తర్వాత ఇంగ్లీషులో ఆ పాముకు రసెల్ పేరు స్థిరపడింది.

1872లో జోసెఫ్ ఫేరర్ తన గ్రంథంలో, వాడుకలో ఉన్న మందులేవీ విషాన్ని విరవలేవని తేల్చాడు. 1931లో బొంబాయి హాఫ్కిన్ సంస్థకు చెందిన మ్హస్కర్, కేయస్ మరింత ఓపికగా 300కు పైగా మొక్కలను పరీక్షించి అదే చెప్పారు. అయినా నమ్మకం పోలేదు. కరిచేవాటిలో చాలా పాములకు విషం ఉండదు, విషసర్పం కూడా ఒక్కోసారి విషం ఎక్కించదు. అలా బతికినవారిని చూసి పసరు వైద్యుడు తన మందును నిజంగానే నమ్మాడు. అతన్ని మోసగాడనడం అన్యాయం.

తర్వాతి ప్రయోగశాలలు మొక్కల్లో నిజమైన గుణాలే కనిపెట్టాయి. సుగంధిపాల వేరులోని ఒక పదార్థం పింజరి విషం కలిగించే రక్తస్రావాన్ని జంతువుల్లో తగ్గించింది. దూలగొండి గింజల సారాన్ని ముందుగా ఎక్కించిన ఎలుకలు ఇసుకపింజరి విషాన్ని కొంత తట్టుకున్నాయి. కానీ ఇలాంటి అనేక ప్రయోగాల్లో సారాన్ని విషంతో ముందే కలుపుతారు, లేదా ముందే ఎక్కిస్తారు. పొలంగట్టున కాటు ముందు, మందు తర్వాత. ఈశ్వరిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం విషంలోని ఒక ఎంజైమును అడ్డుకుంటుంది నిజమే. అదే ఆమ్లం మూత్రపిండాలను చెడగొడుతుంది, క్యాన్సర్‌నూ తెస్తుంది. రక్తపింజరి విషం దెబ్బతీసేదీ మూత్రపిండాలనే.

1890ల్లో ఆల్బర్ట్ కాల్మెట్ రూపొందించిన విషవిరుగుడు సీరం ఈ చరిత్రను మలుపు తిప్పింది. ఇప్పుడు భారతదేశంలో గుర్రాల రక్తం నుంచి తీసే సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి విషాలకు పనిచేస్తుంది. దానికి వేళ ముఖ్యం. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీశాక సీరం ఆ నష్టాన్ని వెనక్కి తిప్పలేదు. ఆ కొసలు మళ్లీ కోలుకునేదాకా రోగికి కృత్రిమ శ్వాసే దిక్కు.